ఎదురింట్లో ఆగిన పెట్టె

నాకంటే ముందు నా పెట్టె అమెరికా బయలుదేరింది. రోడ్డు దాటి ఎదురింటి ముందుగదిలో ఆగింది. ఏడాది పైన అక్కడే ఉండిపోయింది. ఈ సంగతి అర్థం కావాలంటే ముందు మా ఇళ్ళలో ఉన్న ఒక పాత అలవాటు గురించి చెప్పాలి.

ప్రయాణానికి మంచి గడియ ఒక రోజున ఉండి, మనం నిజంగా కదిలేది మరో రోజున అయితే, ఆ మంచి గడియలో మన సామానులో ఒకటి తీసుకెళ్ళి వేరేవాళ్ళ ఇంట్లో ఉంచుతారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. ఇక మనం బయలుదేరినట్టే లెక్క. అసలు ప్రయాణం రోజున పోతూ పోతూ ఆ సామాను తీసుకుని పోవాలి. అంతేగాని దాన్ని తిరిగి మన గడప లోపలికి తేకూడదు. తెస్తే ప్రయాణం చెడినట్టే. మా అమ్మ అయితే ఒక చేతిసంచిలో చీర, కాస్త పసుపు వేసి పక్కింట్లో ఇచ్చి వచ్చేది. నా దగ్గరికి వచ్చేసరికి సంచి పోయి చక్రాల పెట్టె అయింది.

నేను తిరువూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్ళయింది, నిలవలేదు. దాని గురించి ఇంతకంటే రాయాల్సిందేమీ లేదు. అమ్మ, నాన్న ఇద్దరూ పోయారు. మేడమీద రెండు గదుల వాటా, ఒక స్టవ్వు, పిట్టగోడ మీద నాలుగు పూలకుండీలు, ఇదీ నా సంసారం. ఏడో తరగతికి భిన్నాలు, పదో తరగతికి త్రికోణమితి చెప్పి చెప్పి, ఇంక ఈ ఊళ్ళో నాకు కొత్తగా జరిగేదేమీ లేదని తేల్చుకున్న రోజుల్లో, అమెరికాలో చిన్న ఊళ్ళ బడులకు మన టీచర్లను పంపించే ఏజెన్సీ ఒకటుందని తెలిసింది. దరఖాస్తు పెట్టాను. ఫోన్లో ముఖాలు చూసుకుంటూ ఇంటర్వ్యూ జరిగింది. వాళ్ళ ఇంగ్లీషు నాకు సగం అర్థమైంది, నా ఇంగ్లీషు వాళ్ళకి సగం అర్థమైంది. లెక్క మాత్రం ఇద్దరికీ పూర్తిగా అర్థమైంది. లెక్కల టీచరు దొరక్క చాలాకాలంగా అవస్థ పడుతున్న బడి అట అది. ఉద్యోగం ఇచ్చారు.

ఎవరో చూసి పెట్టింది కాదు, ఎవరో సర్దుకోమన్నది కాదు. నా బతుకులో నేనే అడిగి తెచ్చుకున్న మొదటి సంగతి అది. వెళ్ళాలి, ఎలాగైనా వెళ్ళాలి. అప్పట్లో నాకు ఇంకో కోరిక లేదు.

ఫిబ్రవరిలోనే స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను. మనవాళ్ళకి పంపించడం అంటే ఎక్కడలేని హుషారు కదా. స్టేజీ కట్టి, శాలువా కప్పి, గులాబీ దండ వేసి, నా పేరు చెక్కించిన షీల్డు చేతిలో పెట్టారు. కరస్పాండెంట్ గారు మైకులో తిరువూరు పేరు నిలబెట్టమన్నారు. పదో తరగతి ఆడపిల్లలు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ ఊపులో ఇంటికొచ్చి మంచం ఒకరికీ, మిక్సీ ఒకరికీ, కుండీలు మా సైన్స్ టీచరుకీ ఇచ్చేశాను. వీసా అనే మాట ఆ సభలో ఎవరూ ఎత్తలేదు. నాకూ గుర్తు రాలేదు.

మా మేనమామ నెమలి అనే ఊళ్ళో పౌరోహిత్యం చేస్తాడు. నాకు మిగిలిన పెద్దదిక్కు ఆయనే. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, వచ్చే బుధవారం పొద్దున్న ఒక మంచి గడియ ఉంది. అది దాటిందా, నీ జాతకానికి ఇప్పట్లో ప్రయాణానికి పనికొచ్చే రోజు లేదు. ప్రస్థానం పెట్టేసెయ్."

"నెలాఖరుకి కదా మామయ్యా వీసా ఇంటర్వ్యూ? వీసా రాకుండా పెట్టె కదపడమేంటి? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది."

"వీసా వాళ్ళిస్తారే. ముహూర్తం వాళ్ళివ్వరు కదా. అది మనం చూసుకోవాలి."

హైదరాబాదులో ఇంటర్వ్యూ అయ్యాక అక్కడే ఏజెన్సీ వాళ్ళ శిక్షణలో ఉండి, అటునుంచి అటే విమానం ఎక్కాలని ఏర్పాటు. కాబట్టి ఆయన మాటలోనూ న్యాయం ఉందనిపించింది. ఏ దిక్కున పెట్టాలని అడిగాను. వెళ్ళే దిక్కునే పెట్టాలన్నాడు.

"అమెరికా ఏ దిక్కే?"

"భూమి గుండ్రంగా ఉంది మామయ్యా, ఎటెళ్ళినా వస్తుంది."

"వెటకారాలు ఆపు. ముందు హైదరాబాదు కదా వెళ్ళేది. అది మనకి పడమర. నీకు పడమటి పక్కన ఎవరి ఇల్లుందో చూడు."

పడమటి పక్కన ఉన్నది ఎదురిల్లు. అందులో ఉండేది ఒక్కరే. ప్రభుత్వ ఆడపిల్లల హాస్టళ్ళలో వార్డెనుగా చేసి, మా ఊళ్ళో రిటైరై, ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకున్న ఆవిడ. వీధంతా వార్డెనమ్మ గారు అంటారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్తారు, పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లుతూ దారిన పోయే స్కూలు పిల్లల్ని "ఆ జడ రిబ్బను ఏదే?" అని కసురుతారు. ఆవిడ గురించి నాకు తెలిసింది అంతే. ఎదురెదురుగా అన్నేళ్ళు ఉండి, "కుళాయి వచ్చిందా?" అన్న మాట దాటి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"వాళ్ళు క్రైస్తవులు మామయ్యా."

"అయితే ఏమైంది? పెట్టెకి మతమేంటి? ఇల్లు పడమర ఉందా లేదా?"

బుధవారం పొద్దున చెప్పిన వేళకి పెట్టె ఈడ్చుకుంటూ రోడ్డు దాటాను. వార్డెనమ్మ గారు గేటు దగ్గర నిలబడి నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"అంటే పెట్టెని చేర్చుకోవాలి. పిల్ల తరవాత వస్తుంది."

"పిల్ల ఉండటానికి రాదండి. పెట్టె కోసం వచ్చి, తీసుకుని వెళ్ళిపోతుంది."

"నా సర్వీసులో పెట్టె లేకుండా వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు. పిల్ల లేకుండా పెట్టె రావడం ఇదే మొదలు," అంటూ లోపలికి దారి ఇచ్చారు. చెమ్మ తగలకుండా రెండు ఇటుకల మీద పలక వేసి, దాని మీద పెట్టించారు. గోడకి ఆనకుండా కాస్త ముందుకి జరిపించారు. హాస్టల్లో పిల్లల ట్రంకు పెట్టెలన్నీ అలాగే పెట్టించేవారట. తరవాత వంటింటి గుమ్మం దగ్గర ఆగి కాసేపు తటపటాయించారు. "మంచినీళ్ళిస్తే తాగుతారా?" అని అడిగారు. దాహంగా ఉందండీ అన్నాను. నిజంగానే దాహంగా ఉంది.

ఆ తరవాత పది రోజులు తిరక్కుండానే కరోనా జబ్బు వచ్చి దేశం మూతపడింది. వీసా ఇంటర్వ్యూ రద్దయిందని మెయిలు వచ్చింది. మళ్ళీ ఎప్పుడో తెలియదట. బస్సులు ఆగిపోయాయి. ఊరి బయట రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర మనిషిని మనిషి దాటనివ్వడం లేదని చెప్పుకున్నారు. చుట్టుపక్కల పల్లెల్లో దారులకి అడ్డంగా ముళ్ళకంపలు వేశారు.

ఒక పొద్దున పాలాయన మూతికి కండువా చుట్టుకుని వచ్చి, వాళ్ళ ఊరి కబుర్లు చెప్పాడు. ఏటా మిరపకాయ కోతకి సరిహద్దు అవతల నుంచి కూలీలు వచ్చేవాళ్ళు. ఈసారి వాళ్ళని రానివ్వకూడదని ఊరి పెద్దలు గట్టిగా చెప్పేశారట.

"జబ్బు భయం ఒకటండి. దానికి తోడు పనుల్లేక మా ఊళ్ళోవాళ్ళే ఖాళీగా కూర్చున్నారు. ముందు మనవాళ్ళకి పని దొరకాలి కదండీ?"

"మంచిపనే," అన్నాను పాలు పోయించుకుంటూ. వార్డెనమ్మ గారు పక్కనే గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు. తన పాలు పోయించుకుని లోపలికి వెళ్ళారు.

వంట దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఉన్న సామానంతా ఊరికి పంచిపెట్టి కూర్చున్నాను. కొత్త కుక్కరు, మంచి మూకుడు, పప్పుగుత్తి, కందిపొడి, కరివేపాకు కారం, గోంగూర పచ్చడి, అన్నీ పెట్టెలో ఉన్నాయి. పెట్టె ఎదురింట్లో ఉంది. హోటళ్ళు మూసేశారు. మామయ్యకి ఫోన్ చేశాను.

"కుక్కరొక్కటీ తెచ్చుకోనా?"

"ఠాఠ్. గడప లోపలికి రాకూడదు."

"మరి అన్నం?"

"అక్కడే వండుకో," అన్నాడు. అక్కడే తినమనీ అనలేదు, తినొద్దనీ అనలేదు. నేనూ రెట్టించి అడగలేదు.

అలా నేను ఎదురింట్లో వండటం మొదలుపెట్టాను. ఒక్కదానికే వండుకుని ఒక్కదాన్నే తినడం బావుండదు కాబట్టి ఇద్దరికీ కలిపి వండేదాన్ని. పొడుల డబ్బాలు బయటికి తీసిన రోజున ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఇంటి నుంచి తెచ్చుకున్న తినుబండారాలు దాచుకోకూడదు, పంచుకోవాలి. అది హాస్టల్ రూలు," అన్నారు కంచంలో నెయ్యి వేసుకుంటూ. అమెరికాలో మూడు నెలలు రావాల్సిన కందిపొడి ఉగాది వెళ్ళిన నెల తిరక్కుండానే అయిపోయింది.

జూన్‌లో ఆ వార్త వచ్చింది. టీవీ వార్డెనమ్మ గారింట్లోనే చూసేదాన్ని, నాది ఇచ్చేశాను కాబట్టి. జబ్బు మూలంగా తమ దేశంలో ఎంతోమందికి పనులు పోయాయి కనుక, బయటినుంచి వచ్చి పనిచేసేవాళ్ళకి సంవత్సరం చివరిదాకా కొత్తగా వీసాలు ఇవ్వమని అక్కడి ప్రభుత్వం చెప్పేసింది. ఏయే రకాల వీసాలో వరసగా చదివారు. అందులో నాది కూడా ఉంది. పప్పుగుత్తి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తరవాత కోపం వచ్చింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది.

"టీచరు దొరక్క ఏడుస్తున్న ఊరండీ అది! నేను వెళ్తే ఎవరి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు? భిన్నాలు చెప్పడానికి వాళ్ళ దగ్గర మనుషుల్లేకే కదా నన్ను పిలిచింది! వాళ్ళ పనులు పోతే నా పని ఊడబీకుతారా?"

ఆవిడ టీవీ కట్టేశారు. "ఆ మధ్య పాలాయనతో ఏమన్నావమ్మాయ్?" అన్నారు. ఎప్పుడు మొదలైందో గాని అప్పటికే నన్ను నువ్వు అంటున్నారు.

"ఏమన్నాను?"

"కోతకొచ్చే బయటి కూలీలని ఆపితే మంచిపనే అన్నావు."

"అది వేరు, ఇది వేరు."

"వేరే అయ్యుంటుంది. నాకు లెక్కలు రావు కదా," అన్నారు.

పప్పుగుత్తి అక్కడే పడేసి ఇంటికి వచ్చేశాను. కొన్నాళ్ళు అటు వెళ్ళలేదు. అటుకుల్లో మజ్జిగ పోసుకుని తిన్నాను. ఆవిడ మీద కోపమా, ఆవిడ చెప్పింది నిజమైనందుకు కోపమా అని విడదీసి చూసుకునే ఓపిక కూడా లేదు.

ఆ రోజుల్లోనే పాత ఉద్యోగం అడుగుదామని స్కూలుకి వెళ్ళాను. కరస్పాండెంట్ గారు మాస్కు సర్దుకుంటూ ఇబ్బందిగా కదిలారు.

"మీరు వెళ్ళిపోయారు కదా మేడమ్."

"వెళ్ళలేదండి. మీ ఎదురుగానే ఉన్నాను."

"అదేనండి, మన దృష్టిలో వెళ్ళిపోయినట్టే కదా. ఉన్న స్టాఫ్‌నే సగం మందిని ఇంటికి పంపించాం. మిమ్మల్ని మళ్ళీ ఎలా తీసుకోమంటారు? సన్మానం కూడా చేసేశాం."

ఆయన తప్పేమీ లేదు. ఉన్నవాళ్ళకే లేనప్పుడు వెళ్ళిపోయినదానికి ఎక్కడ ఇస్తారు? రెంటికీ చెడ్డ రేవడినయ్యానని అర్థమైంది. ఫోన్లో కొందరు పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ రోజులు గడిపాను. వాళ్ళు తెరమీద చిన్న చిన్న గళ్ళలో కనిపించేవాళ్ళు. కాసేపటికి గళ్ళు ఒక్కొక్కటే నల్లబడేవి.

అసలు బాధ ఇది కాదు. ఊళ్ళో మనుషుల దగ్గర పడిన బాధ ఎక్కువ. "ఇంకా వెళ్ళలేదా?" అని అడిగేవాళ్ళు. కూరగాయల దగ్గర అడిగేవాళ్ళు, మందుల షాపు దగ్గర అడిగేవాళ్ళు, మాస్కు వేసుకున్నా గుర్తుపట్టి అడిగేవాళ్ళు. చెడ్డగా అడిగేవాళ్ళు కాదు, ఊరికే అడిగేవాళ్ళు. మొదట్లో వీసాల గురించి విడమరిచి చెప్పేదాన్ని. సగం విని, "ఏదో ఒకటి అవుతుందిలే" అని వెళ్ళిపోయేవాళ్ళు. తరవాత తరవాత మధ్యాహ్నం ఎండలో, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు వెళ్ళి సరుకులు తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాను. సైన్స్ టీచరు వాళ్ళింటి మీదుగా వెళ్తే నా కుండీల్లో నా మందారాలు పూసి కనిపించేవి. అవి తిరిగి అడగలేను, ఆమె ఇస్తాననీ అనదు. నన్ను చూస్తే గబుక్కున లోపలికి వెళ్ళిపోయేది, పాపం. పంపించడం మావాళ్ళకి బాగా వచ్చు. పంపించినవాళ్ళు కదలకుండా ఉండిపోతే ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. నాకు ఒంటరిగా ఉండటం కొత్త కాదు. కాని ఉన్న ఊళ్ళోనే లేనిదాన్నైపోవడం మాత్రం అదే మొదటిసారి, అది తట్టుకోవడం కష్టంగా ఉండేది.

చివరికి వార్డెనమ్మ గారే గేటు దగ్గర నిలబడి కేకేశారు. "కుక్కరు విజిల్ వెయ్యడం లేదు. అది నీది, నా మాట వినదు. వచ్చి చూడు."

వెళ్ళాను. కుక్కరుకి ఏమీ కాలేదు. రబ్బరు సరిగ్గా పెట్టలేదంతే. పెట్టడం రాకనో, కావాలనో నేను అడగలేదు. ఆ రోజు అన్నం తింటూ ఆవిడని మొదటిసారి పిన్నిగారూ అని పిలిచాను. ఆవిడ నా కంచంలో ఇంకో చెంచా పెరుగు వేశారు.

అప్పటి నుంచి సాయంత్రాలు ఒక పద్ధతిలో పడ్డాయి. "అలవాటు తప్పితే ఇంగ్లీషు తుప్పు పడుతుంది. నాకు చెప్పు, నేనే నీ క్లాసు," అన్నారు. పెట్టెలోంచి కొత్త నల్ల బూట్లు తీసి వేసుకోమనేవారు. చలికాలం వచ్చాక స్వెట్టరు కూడా వేసుకునేదాన్ని, తిరువూరు చలికి అది ఎక్కువే అయినా. గోడకి ఆనించిన పాత స్లేటు మీద భిన్నాలు వేసి ఇంగ్లీషులో చెప్పేదాన్ని. పిన్నిగారికి భిన్నాలంటే చిన్నప్పటి నుంచి భయమట. హాస్టల్లో బియ్యం కొలతలన్నీ నోటిలెక్కే గాని కింద గీత, పైన అంకె చూస్తే తల తిరిగేదట. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే ప్రతిసారీ నాలుగో వంతే అనేవారు. రొట్టె విరిచి చూపిస్తే ఒప్పుకునేవారు, మర్నాటికి మళ్ళీ మామూలే.

"ఆ ఊరి పిల్లలు నాకంటే మొద్దులై ఉండరు. నాకు చెప్పగలిగితే వాళ్ళకీ చెప్పగలవు," అనేవారు.

అక్కడున్నంతసేపూ నేను వెళ్ళబోయే మనిషిని. పాఠం అయ్యాక స్వెట్టరు మడిచి, బూట్లు తుడిచి, పెట్టెలో పెట్టి, రోడ్డు దాటి ఇటు వచ్చేసరికి మంచం లేని గది, చాప, ఫోను. నా వస్తువులున్న చోట నేను లేను, నేనున్న చోట వస్తువుల్లేవు. కొన్ని సాయంత్రాలు మెట్ల మీదే కూర్చుని ఎదురింటి దీపం చూస్తూ ఉండేదాన్ని. ఇప్పుడే కదా వచ్చాను, మళ్ళీ వెళ్తే ఏమనుకుంటారో అని వెళ్ళేదాన్ని కాదు.

సంవత్సరం చివరికి ఆ ఆంక్ష తీసేస్తారనుకుంటే మార్చి నెలాఖరుదాకా పొడిగించారు. మార్చి వెళ్ళాక దానంతట అదే పోయింది. ఆ రోజు మామయ్యకి ఫోన్ చేసి, "నీ ముహూర్తం గట్టిదే మామయ్యా," అన్నాను. పిన్నిగారు పాయసం చేశారు. నేను బడివాళ్ళకి మెయిలు రాశాను.

జవాబు మర్యాదగానే వచ్చింది. ఆ ఉద్యోగంలో వాళ్ళ ఊరి మనిషినే పెట్టుకున్నారట. ఏదో కంపెనీలో లెక్కలు చూసే ఆవిడ, జబ్బు రోజుల్లో పని పోగొట్టుకుని, టీచరు పరీక్ష రాసి చేరిందట. పిల్లలకి బాగా నచ్చిందట. నాకు శుభం కలగాలని రాశారు. అంటే ఆ ఆంక్ష ఎవరికోసం పెట్టారో వాళ్ళకి అందింది. ఒక ఊళ్ళో ఒక మనిషికి ఉద్యోగం దొరికింది. అన్యాయం జరిగిందని గోల చేద్దామన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

పిన్నిగారికి ఆ మెయిలు తెలుగులో చెప్పాను. "ఆవిడకీ నీలాగే ఎవరూ లేరేమో," అన్నారు.

"లేకపోతే లేకపోనివ్వండి. నాకెందుకు?" అని కసిరాను. ఆ తరవాత అక్కడే పెట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ లేచి వచ్చి వీపు నిమరలేదు. అలాంటివి ఆవిడకి రావు. వాకిలి తలుపు దగ్గరగా వేసి, వీధిలో వాళ్ళకి కనపడకుండా అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

వేసవిలో జబ్బు రెండోసారి ముంచుకొచ్చింది. పిన్నిగారికి జ్వరం పట్టుకుంది. జావ కాచి కిటికీలో పెట్టి, ఆవిడ తీసుకునేదాకా రోడ్డు మీద నిలబడేదాన్ని. గండం గడిచింది గాని మనిషి సగమైపోయారు. నాలుగడుగులేస్తే ఆయాసం. నూజివీడులో ఉండే వాళ్ళ అన్నగారి కూతురు ఇంక ఒంటరిగా ఉండనివ్వనని పట్టుబట్టింది. పిన్నిగారు వారం రోజులు దానితో ఫోన్లో పోట్లాడి ఓడిపోయారు.

"ఇంటికి తాళం వేసి వెళ్ళాలమ్మాయ్. నీ పెట్టె సంగతి తేల్చు," అన్నారు. గొంతు మామూలుగానే పెట్టుకున్నారు.

మామయ్యకి ఫోన్ చేశాను. ఇంక ఏ ప్రయాణమూ లేదు, పెట్టె ఇంటికి తెచ్చుకుంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"బయలుదేరిన పెట్టె ప్రయాణం చెయ్యకుండా ఇంట్లోకి రాకూడదే. ఏదో ఒక దిక్కున పొలిమేర దాటించు. దాటించి తీసుకొచ్చెయ్. వెళ్ళొచ్చినట్టు అవుతుంది."

పిన్నిగారు నూజివీడు వెళ్ళేది విస్సన్నపేట మీదుగా. అంతవరకు ఆవిడతో వెళ్దామనుకున్నాను.

బయలుదేరే రోజు పొద్దున్న ఆవిడ తన సామాను తెచ్చి నా పెట్టె పక్కన పెట్టారు. పచ్చరంగు పోయిన పాత ట్రంకు పెట్టె ఒకటి, అంతే. నా కుక్కరు కడిగి, తుడిచి, నా పెట్టెలో సర్దేశారు. "ఎవరి సామాను వాళ్ళతోనే వెళ్ళాలి," అన్నారు. తాళం వేశాక తలుపు రెండుసార్లు లాగి చూశారు.

బస్సులో కండక్టరు నా పెట్టె చూసి, "ఇదేంటమ్మా, ఇంత పెట్టె! ఎయిర్‌పోర్టుకా?" అన్నాడు.

"విస్సన్నపేటకి," అన్నాను.

అతను నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. పిన్నిగారు కిటికీ వైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ అలా నవ్వగా చూడలేదు. దారిపొడుగునా మామిడితోటలు. కాపు అయిపోయి చెట్లు ఖాళీగా ఉన్నాయి. విస్సన్నపేట దగ్గర పడుతుండగా ఆవిడ అన్నారు: "సెలవులిచ్చినప్పుడు పిల్లలందరినీ బస్సులెక్కించి, చివర్లో నేను ఖాళీ హాస్టల్‌కి వెళ్ళేదాన్ని. అది అలవాటే. నాకు ఇలా ఎక్కి కూర్చోవడం అలవాటు లేదు."

నేను దిగాను. పెట్టె దింపుకున్నాను. బస్సు కదిలేటప్పుడు ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి గట్టిగా, "మూడో వంతే పెద్దది!" అని అరిచారు. స్టాండులో వాళ్ళంతా మా వైపు చూశారు. నేను చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. బస్సు మలుపు తిరిగాక ఒక టీ తాగి, అవతలి వైపు నిలబడి, తిరువూరు బస్సెక్కాను.

తిరువూరులో దిగి పెట్టె లాక్కుంటూ వస్తుంటే ఒకామె ఎదురైంది. మా స్కూల్లో చదివిన అమ్మాయి వాళ్ళమ్మ. నా సన్మానం రోజున వచ్చి ఫోటో దిగింది. పెట్టె చూసి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"మేడమ్! ఎప్పుడు దిగారు?"

"ఇప్పుడేనండి."

"అమ్మయ్య, క్షేమంగా వచ్చేశారు. ఎలా ఉందండీ అక్కడ? మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఏడాదిన్నరగా 'ఇంకా వెళ్ళలేదా' అన్న మాటకి తప్ప ఇంకే మాటకీ జవాబు చెప్పడం మర్చిపోయాను. పెట్టె పిడి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"ఒక పిన్నిగారు ఉండేవారండి. ఇద్దరం ఒకే కుక్కర్లో వండుకునేవాళ్ళం. సాయంత్రం పూట ఆవిడకి భిన్నాలు చెప్పేదాన్ని."

"ఎంత అదృష్టమండీ! అంత దూరంలో సొంతమనిషిలాంటి వాళ్ళు దొరకడమంటే మాటలా? మళ్ళీ ఎప్పుడు వెళ్తారు?"

"ఇంక వెళ్ళడం లేదండి. ఆవిడ ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయారు."

"అయ్యో," అంది ఆమె. నిజంగానే అంది. నా చెయ్యి పట్టుకుని మరోసారి అంది.

మా వీధిలోకి వచ్చాను. అలవాటు కొద్దీ పెట్టె చక్రాలు ఎదురింటి గేటు వైపే తిప్పాను. తాళం కనిపించింది. ఇటు తిరిగి, పెట్టె మెట్ల మీదుగా మోసుకెళ్ళి, నా గడప దాటించాను.